డేరా కూడా ఆరుబయటే

మా నక్షాల కార్యాలయంలో పనిచేసే ప్రతి ఉద్యోగీ ఏడాదికి రెండు రోజులు విధిగా ప్రకృతిని ప్రేమించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రేమించలేనివారు తగిన కారణాలు చూపుతూ మూడు ప్రతుల్లో విన్నవించుకోవచ్చు.

ఉత్తర్వులో న్యాయం లేకపోలేదు. కొండలనీ వాగులనీ అడవులనీ ముప్ఫై ఏళ్లుగా కాగితం మీద గీస్తున్నవాళ్లం మేము. మాలో చాలామంది కొండను దగ్గరగా చూసి ఎరగరు. చూడవలసిన అవసరం కూడా రాలేదు. పాత నక్షా మీద పల్చటి కాగితం పరిచి, గీత మీద గీత గీసుకుంటూ పోతే కొత్త నక్షా తయారవుతుంది. ఈ పద్ధతి మీద ఇంతవరకూ ఒక్క కొండ కూడా ఫిర్యాదు చేయలేదు.

నేను ఆ కార్యాలయంలో తపాలా గుమాస్తాని. వచ్చిన కాగితానికి నంబరు వేసి లోపలికి పంపుతాను. వెళ్లే కాగితానికి నంబరు వేసి బయటికి పంపుతాను. మధ్యలో ఆ కాగితం ఏమేం కష్టాలు పడుతుందో తెలుసుకోవాలన్న కుతూహలం నాకెప్పుడూ కలగలేదు. అందుకే ఇరవై ఏళ్లుగా నా కుర్చీ నాకు దక్కింది.

ఉత్తర్వు అందగానే మా పెద్దసారు శిబిర నిర్వహణ సంఘం వేశారు. దానికి ముఖ్యుడు సూపరింటెండెంటు. ఆయన్ని మేమందరం క్లాజుగారు అంటాం. ఎవరు ఏ సంగతి చెప్పినా, ఆఖరికి ఎవరింట్లో బిడ్డ పుట్టిందన్నా, “దీనికి క్లాజు ఏమంటోంది?” అని అడుగుతారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంటుంది. ఆయన కూడా దాన్ని నెలకోసారే చూసుకుంటారు.

సంఘం ఆరుసార్లు సమావేశమైంది. డేరాల గురించి ఒకసారి, బస్సు గురించి ఒకసారి, పొయ్యి గురించి నాలుగుసార్లు. ఆరుబయట వంటకి ఏ పొయ్యి తీసుకోవాలన్నది చిన్న సమస్య కాదు. చివరికి చేతిపెట్టెలాంటి డబ్బాలో వచ్చే చిన్న గ్యాసు పొయ్యి ఒకటి ఎంపికైంది. పొయ్యికి ఒకటే మంట. పక్కనే ఒక అర. అందులో గ్యాసు డబ్బాని అడ్డంగా పడుకోబెట్టి, మీట నొక్కి, బొత్తాం తిప్పితే ఎక్కడైనా టీ కాచుకోవచ్చు. పెద్దసారుకి నచ్చింది మాత్రం దాని పిడి. పెట్టె మూసి చేత్తో పట్టుకుంటే అచ్చం పై అధికారుల సమావేశానికి వెళ్తున్నట్టే ఉంటుంది. అద్దం ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, ఇదే ఖాయం చేయమన్నారు.

పొయ్యితోపాటు పదహారు పేజీల చిన్న పుస్తకం వచ్చింది. ముఖ్యమైన పత్రం కాబట్టి పోకుండా దానికి నంబరు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశాం. నంబరు వేసింది నేనే. మొదటి పేజీ మీద ఎర్రటి అక్షరాలతో “ఆరుబయట మాత్రమే వాడవలెను” అని ఉంది. చదివాను. చదవడం నా ఉద్యోగంలో భాగం కాదు కాబట్టి, చదివినందుకు ఎలాంటి చర్యా తీసుకోలేదు.

ఇక టీ అక్క గురించి చెప్పాలి. కార్యాలయం వెనక వసారాలో పద్నాలుగేళ్లుగా ఆవిడ మా అందరికీ టీ కాచి పోస్తోంది. కిరసనాయిలు పొయ్యి, కరెంటు పొయ్యి, గ్యాసు పొయ్యి అన్నీ ఆవిడ చేతిలో మారాయి. ఒకసారి వసారాలో గొట్టం నుంచి గ్యాసు కారితే మాకెవరికీ వాసన తెలియకముందే కట్టేసి, తలుపులన్నీ బార్లా తీసేసి, ఆ తర్వాతే మమ్మల్ని అరిచి లేపిన మనిషి. ఆవిడ్ని శిబిరానికి తీసుకెళ్లాలంటే ఏ హోదాలో అన్న ప్రశ్న వచ్చింది. ఉద్యోగి కాదు, అతిథి కాదు. క్లాజుగారు రాత్రీ పగలూ ఆలోచించి సామాన్ల జాబితాలో చేర్చారు. ‘బిందెలు – రెండు, బకెట్లు – మూడు, టీ అక్క – ఒకటి, గరిటెలు – నాలుగు.’ ఆవిడ ఆ జాబితా చూసి, “గరిటెల కన్నా ముందే రాశారు, సంతోషం” అంది.

శిబిరానికి వెళ్లింది పందొమ్మిది మందిమి. సామాను వేరు.

ఊరికి దూరంగా, మా నక్షాలో ఎప్పుడూ చక్కగా కనిపించే కొండ కింద దిగాం. నక్షా ప్రకారం అక్కడ వాగు ఉండాలి. లేదు. నక్షా తిరగేసి చూశాం, కొండని తిరగేసి చూడలేకపోయాం. పెద్దసారు కాసేపు గంభీరంగా నిలబడి, “నక్షా సరిగ్గానే ఉంది. వాగే గైర్హాజరైంది” అని తేల్చారు. క్లాజుగారు రాసుకున్నారు. అరమైలు దూరంలో ఉన్న చేతిపంపు దగ్గరికి టీ అక్క బిందె పట్టుకుని బయల్దేరింది.

తర్వాత పొయ్యి ప్రారంభోత్సవం. చదునైన రాయి మీద పొయ్యి పెట్టి దాని చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. నీళ్లతో తిరిగి వచ్చిన టీ అక్క రిబ్బను చూసి కంగారుపడింది.

“అయ్యో, మంట మీద రిబ్బనేంటండీ? వెలిగించగానే అదే ముందు అంటుకుంటది.”

“కార్యక్రమం అయ్యాక తీస్తాం,” అన్నారు క్లాజుగారు.

“కార్యక్రమమే వెలిగించడం కదండీ!”

క్లాజుగారు రిబ్బనుని పొయ్యి మీంచి తీసి పెద్దసారు మెడలో వేశారు. ఆయన దానికి అభ్యంతరం చెప్పలేదు. గొంతు సవరించుకుని ప్రసంగించారు.

“మిత్రులారా! నిప్పుని కనిపెట్టి మనిషి గుహలో కూర్చున్నాడు. ఆ నిప్పుని పెట్టెలో పెట్టి మనం మళ్లీ గుహ బయటికి తెచ్చాం. ఇది చిన్న విషయం కాదు. ఇవాళ మన సంస్థ స్వయంపోషక సంస్థ. మనం తినేది మనమే వండుకుంటాం. ఎవరి మీదా ఆధారపడం. అక్కా, అగ్గిపెట్టె ఉందా?”

అగ్గిపెట్టె అవసరం లేదని, బొత్తాం తిప్పితే దానంతటదే వెలుగుతుందని టీ అక్క చెప్పింది. పెద్దసారు తిప్పారు. టిక్కుమంది. మళ్లీ తిప్పారు. టిక్కుమంది. పదకొండుసార్లు టిక్కుమంది. పొయ్యిలో క్రమశిక్షణ లోపించిందని అందరికీ అర్థమైంది. టీ అక్క వంగి చూసి, డబ్బాని బయటికి తీసి, దాని అంచు మీద ఉన్న గాడి పైకి వచ్చేలా తిప్పి పెట్టి, మీట కిందికి నొక్కింది. “ఇప్పుడు తిప్పండి” అంది. నీలం మంట గుండ్రంగా వచ్చింది. పెద్దసారుకి మేము రెండు నిమిషాలు చప్పట్లు కొట్టాం.

మొదటి వంట ఉడకబెట్టిన గుడ్లు. క్లాజుగారు బస్సులోంచి పెద్ద గిన్నె దింపించారు, పందొమ్మిది గుడ్లూ ఒకేసారి పట్టేది. టీ అక్క అడ్డం వెళ్లింది.

“అంత గిన్నె వద్దండీ. అంచు డబ్బా మీదికి వస్తది. అడుగు వేడికి డబ్బా వేడెక్కుతది. వేడెక్కితే పేలుతది.”

“నీకెవరు చెప్పారు?”

“డబ్బా మీదే బొమ్మేసుంది కదండీ, గిన్నె వేసి అడ్డగీత కొట్టి.”

క్లాజుగారు బొమ్మని పరీక్షించారు. బొమ్మ కింద నిబంధన సంఖ్య లేదు కాబట్టి అది సలహా మాత్రమేనని, అయితే సలహాని మన్నించడం ఔదార్యమని చెప్పి, చిన్న గిన్నె పెట్టించారు. అందులో మూడు గుడ్లే పట్టాయి. గాలి తగిలి మంట పడిపోతూ ఉండడంతో ఒక్కో వాయికి ముప్పావు గంట పట్టింది. గుడ్లని హోదా ప్రకారం ఉడికించాలని నిర్ణయించారు. మొదటి వాయి పెద్దసారుకీ క్లాజుగారికీ ముఖ్య నక్షాకారుడికీ. నా గుడ్డుకి సాయంత్రం ఆరున్నర ముహూర్తం పడింది. ఆకలిగా ఉన్నా నాకు గర్వంగానే అనిపించింది. ప్రభుత్వంలో నా వంతు ఎప్పుడో ఇంత కచ్చితంగా నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

రెండో వాయి పూర్తికాకముందే వాన మొదలైంది. సన్నగా మొదలై దడదడలాడింది. చలిగాలి కోసేస్తోంది. ఎవరి డేరాల్లో వాళ్లు దూరారు. టీ అక్క రెండు కర్రల మధ్య ఒక పట్టా కట్టుకుని, దాని కింద మూడు రాళ్లు పేర్చి, తెచ్చుకున్న పుల్లలతో టీ నీళ్లు పెట్టుకుంది. పట్టాకి నాలుగు పక్కలా గాలి ఆడుతోంది. పొగ దాని దారిన అది పోతోంది.

పెద్దసారు తన డేరాలోంచి తల బయటపెట్టి, పొయ్యిని లోపలికి తెమ్మన్నారు. టీ కూడా కాచుకోవచ్చు, వెచ్చగానూ ఉంటుంది. ఆయన డేరా అన్నిటికన్నా పెద్దది, గట్టి గుడ్డతో కుట్టింది. గాలి చొరబడదని అమ్మినవాడు ప్రమాణం చేసి మరీ ఇచ్చాడు.

అప్పుడు నేను ఒక పొరపాటు చేశాను. “సార్, పొయ్యి పుస్తకం మీద ఆరుబయట మాత్రమే వాడాలని ఉందండీ” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆకలి మీద ఉన్నాను.

పెద్దసారు క్లాజుగారి వైపు చూశారు. క్లాజుగారు కళ్లు మూసుకున్నారు. మా కార్యాలయ చరిత్రలో ఆయన ఇచ్చిన నిర్వచనాల్లోకెల్లా గొప్పది అప్పుడు వెలువడింది.

“డేరా ఎక్కడుంది? ఆరుబయట ఉంది. పొయ్యి ఎక్కడుంటుంది? డేరాలో ఉంటుంది. ఆరుబయట ఉన్నదానిలో ఉన్నది ఆరుబయట ఉన్నట్టే. కాబట్టి డేరా కూడా ఆరుబయటే.”

ఇందులో తప్పు పట్టడానికి నేను ప్రయత్నించాను. దొరకలేదు. మీకు దొరికితే సంతోషం, కానీ మీరు అప్పుడు అక్కడ తడుస్తూ లేరు.

టీ అక్క మాత్రం పట్టా కిందనుంచి పరుగెత్తుకొచ్చింది.

“సార్, మీ కాళ్లకి దండం పెడతా, లోపల వద్దు సార్. మూసిన చోట ఆ మంట ఉంటే మనిషికి తెలీకుండానే మత్తొచ్చేస్తది. వాసన కూడా రాదు. మా వీధిలో ఇట్లాగే చలికి తలుపులేసుకుని కుంపటి పెట్టుకుని పడుకున్నారు, ఇద్దరు లేవలేదు.”

“అది కుంపటి. ఇది యంత్రం,” అన్నారు పెద్దసారు.

“పోనీ తలుపైనా తీసి పెట్టుకోండి.”

“చలి లోపలికి వస్తుందమ్మా.”

“చలే కదండీ రానివ్వండి! చలికి ఎవరూ చావరు.”

క్లాజుగారు డేరా జిప్పు కింది దాకా లాగేశారు. గాలికి మళ్లీ ఊడకుండా రెండు కొసలనీ కలిపి ఫైలు తాడుతో ముడేశారు. ఆయన ముడులు ప్రసిద్ధం. ఆయన కట్టిన ఫైళ్లు పదేళ్లకీ విప్పుకోవు.

లోపల ముగ్గురం. పెద్దసారు, క్లాజుగారు, నేను. నన్ను పిలిచింది గౌరవించడానికి కాదు. ‘ప్రకృతి ఒడిలో నేను’ అనే వ్యాసం పెద్దసారు చెబుతుంటే రాసుకోవడానికి. పొయ్యి మధ్యలో బుస్సుమంటోంది. హాయిగా ఉంది. పెద్దసారు చెట్ల గురించి చెప్పడం మొదలుపెట్టారు.

కాసేపటికి నాకు తలనొప్పి వచ్చింది. పెద్దసారు మాట్లాడుతుంటే తలనొప్పి రావడం కొత్త కాదు కాబట్టి అనుమానించలేదు. తర్వాత కళ్లు మూతలు పడ్డాయి. మధ్యాహ్నం మూడైంది. ఆ వేళకి కార్యాలయంలోనూ అంతే. క్లాజుగారి తల గుండెల మీదికి వాలిపోయింది. ఆయన్ని ఇరవై ఏళ్లుగా ఆ భంగిమలోనే చూస్తున్నాను. ఒక్కమాటలో చెప్పాలంటే, ప్రాణం పోతున్న లక్షణాలు ఒక్కొక్కటే వస్తున్నా, అవి మా రోజువారీ విధి నిర్వహణకి ఏమాత్రం భిన్నంగా లేకపోవడం వల్ల మేము గుర్తుపట్టలేకపోయాం. ‘పచ్చని ప్రకృతి మనకు ఊపిరి’ అని పెద్దసారు అన్న మాట రాసినట్టు గుర్తు. ‘ఊపిరి’ సగంలో ఆగి, కలం పేజీ అంచు దాకా గీత గీసుకుంటూ పోయింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నంబరు వేయలేదు.

తర్వాత జరిగింది పక్క డేరావాళ్లు చెప్పగా విన్నాను.

టీ అక్క మూడు గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని వచ్చి డేరా ముందు నిలబడి, “సార్, టీ” అంది. జవాబు లేదు. రెండోసారి పిలిచింది. పక్క డేరాలోంచి ముఖ్య నక్షాకారుడు, “పెద్దసారు పడుకున్నట్టున్నారు, లేపకు” అన్నాడు. ఆవిడ గుడ్డకి చెవి ఆనించింది. పొయ్యి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“ఆయన మెలకువగా ఉంటే మాట్లాడతా ఉంటాడు. నిద్రపోతే గురకపెడతాడు. ఈ రెండూ లేకుండా ఆయన ఎక్కడైనా ఉన్నాడా?” అందట.

పళ్లెం బురదలో పడేసింది. జిప్పు లాగితే రాలేదు. సందులో వేళ్లు దూర్చి ముడి విప్పబోతే విడలేదు. నడుముకి దోపుకున్న కూరగాయల కత్తి తీసి డేరాని పైనుంచి కిందిదాకా చీరేసింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ముందు చెయ్యి చాపి పొయ్యి కట్టేసి దాన్ని బయటికి గిరాటేసింది. తర్వాత అందినవాణ్ణి అందినట్టు లాగింది. ముందు నన్ను కాలర్ పట్టుకుని. తర్వాత క్లాజుగారిని కాళ్లు పట్టుకుని. అన్నిటికన్నా లోపల పరుపు మీద ఉన్న పెద్దసారుని చివర. ఆయన బరువు మామూలుది కాదు. మధ్యలో ఊపిరాడక రెండుసార్లు బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లిందట. మిగతా పదహారు మందీ గొడుగులు వేసుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. పెద్దసారుని ఎవరు ముట్టుకోవాలన్న విషయంలో వాళ్లలో ఏకాభిప్రాయం కుదరలేదు.

నాకు తెలివొచ్చేసరికి మొహం మీద వాన పడుతోంది. కడుపులో ఉన్నదంతా కక్కాను. గుడ్డు నా వంతు రాలేదు కాబట్టి పెద్దగా ఏమీ లేదు. టీ అక్క నా చెంపలు వాయిస్తోంది. ఆవిడ పెదవులు నల్లబడ్డాయి.

“తమ్ముడూ, ఇటు చూడు. నీ పేరేంటి? నీ పేరు చెప్పు!”

నేను పేరు చెప్పలేదట. ముందురోజు ఆఖరి తపాలా నంబరు చెప్పానట. ఆవిడ ఆ మాటకే బురదలో చతికిలబడి, నవ్విందో ఏడ్చిందో తెలియకుండా మొహం కప్పుకుంది.

పెద్దసారు కూడా కళ్లు తెరిచారు. చుట్టూ చూశారు. చీలిన డేరా చూశారు. ఆయన మొదటి మాట అందరూ విన్నారు.

“తలుపు ఎవరు తెరిచారు?”

దగ్గరి ఆసుపత్రిలో డాక్టరు మా ముక్కులకి ఆక్సిజన్ గొట్టాలు పెట్టాడు. “ఇంకో పది నిమిషాలైతే నా దగ్గరికి తెచ్చేవాళ్లు కాదు, ఇటు పక్క శవాల గదికి తీసుకుపోయేవాళ్లు,” అన్నాడు. కాగితం మీద ‘మూసిన చోట గ్యాసు పొయ్యి వాడుట వలన’ అని రాశాడు. గొట్టం ముక్కుకి ఉండగానే క్లాజుగారు లేచి కూర్చుని, ‘మూసిన చోట’ అనే మాట కొట్టేసి ‘ఆరుబయట’ అని దిద్దమన్నారు. డాక్టరు ఆయన కళ్లలోకి టార్చిలైటు వేసి చూసి, గొట్టంలో గాలి ఇంకాస్త పెంచమని నర్సుకి చెప్పాడు.

నేను ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ టీ అక్కని భోజనానికి పిలిచింది. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. “వదినా, ఈ ఇంట్లో దీపం నీ వల్లే వెలుగుతోంది” అంది. టీ అక్క సిగ్గుపడి, “ముందు కూర వెయ్యమ్మా, చల్లారిపోతది” అంది.

వారం తిరక్కుండా విచారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు పెద్దసారు. సభ్యులు క్లాజుగారు, నేను. దీని మీద కిట్టనివాళ్లు గుసగుసలాడారు కానీ, ఏర్పాటులో ఔచిత్యం ఉంది. డేరా లోపల జరిగింది లోపలున్నవాళ్లకే తెలియాలి. పైగా ముగ్గురమూ ఆ సమయంలో స్పృహలో లేము కాబట్టి మాకంటే నిష్పక్షపాతంగా ఉండగలవాళ్లు ఇంకెవరు?

సంఘం ముందుగా పొయ్యిని విచారించింది. దానికి నాణ్యత ముద్ర ఉంది. నిర్దోషి. డేరా గాలి చొరబడదని మాట ఇచ్చింది, మాట నిలబెట్టుకుంది. నిర్దోషి. ముడి అన్నిటికన్నా నిర్దోషి, అది చివరిదాకా విడలేదు. పెద్దసారు, ప్రమాదం జరిగే వేళకి స్పృహలో లేరు. స్పృహలో లేని అధికారి ఏ పనికీ బాధ్యుడు కాడు. ఇంతమంది నిర్దోషుల మధ్య దోషి ఎవరన్న ప్రశ్న మిగిలింది. మీకు తెలియనిది ఏముంది? జాబితాలో మిగిలినవి బిందెలు, బకెట్లు, టీ అక్క, గరిటెలు.

ఆవిడకి మూడు అభియోగాలతో మెమో ఇచ్చాం. ఒకటి, సంస్థ ఆస్తి అయిన డేరాని మనిషి నిలువునా చీల్చుట. రెండు, పిలుపు లేనిదే అధికారి గదిలోకి ప్రవేశించుట. మూడు, అన్నిటికన్నా తీవ్రమైనది, కాపాడే సందర్భంలో హోదా క్రమం పాటించక, తపాలా గుమాస్తాని మొదట, సూపరింటెండెంటుని తదుపరి, కార్యాలయ అధిపతిని చిట్టచివర లాగుట. మెమో చేతిరాత నాది. మొదట లాగబడినవాణ్ణి నేనే అవడం వల్ల ఆ వాక్యం రాస్తున్నప్పుడు కొంచెం ఇబ్బంది పడ్డాను. అక్షరాలు మాత్రం చక్కగా వచ్చాయి.

మర్నాడు ఆవిడ ఆ మెమో పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చింది.

“తమ్ముడూ, దీనికి జవాబు రాయాలంట. నాకీ భాష రాదు. నువ్వే రాసిపెట్టు.”

ప్రశ్న నేనే రాశాను, జవాబూ నేనే రాశాను. పని త్వరగా తెమిలింది. ‘క్షణికావేశంలో జరిగిన నా చర్యకు మిక్కిలి చింతిస్తున్నాను. ఇకమీదట పై అధికారుల లిఖితపూర్వక అనుమతి లేనిదే ఎవరినీ కాపాడనని ఇందుమూలముగా హామీ ఇస్తున్నాను’ అని ముగించి చదివి వినిపించాను.

“ఆ చివరి ముక్క ఇంకోసారి చదువు,” అంది.

చదివాను.

“తెలివి లేకుండా పడున్నోళ్లు రాతలో ఎట్లా ఇస్తారు తమ్ముడూ?”

“ముందుగానే తీసుకోవాలక్కా.”

“అంటే టీ పోసేటప్పుడు ఒక్కొక్కర్నీ అడగాలా? ‘చక్కెర ఎంత వెయ్యమంటారు, చావబోతే లాగమంటారా వద్దా’ అని?”

మంచి సూచనేనని, సంఘం ముందు పెడతానని చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు. ఆ రోజు వానలో చెంపలు వాయిస్తూ చూసిన చూపే. ఇంకా తెలివొచ్చిందా లేదా అని చూస్తున్నట్టు.

“నిన్ను లాగినప్పుడు నువ్వు బాగా తేలిగ్గా ఉన్నావు తమ్ముడూ. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.”

కలం అందుకుని నేను రాసిందంతా కొట్టేసింది. కింద గుండ్రటి పెద్ద అక్షరాలతో తనే రాసింది. ‘దగ్గరున్నోళ్లని ముందు లాగాను. మళ్లీ జరిగినా అంతే.’ సంతకం పెట్టి, నా బల్ల మీది ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. ఆ కాగితానికి నేను నంబరు వేశాను.

పశ్చాత్తాపం లేదని సంఘం గమనించింది. ఆవిడ సేవలు ఇకపై అవసరం లేదని సిఫారసు చేసింది. ఆఖరి రోజున కూడా పదకొండు గంటలకి అందరి బల్లల మీదికీ టీ వచ్చింది. అందరం తాగాం. ఎప్పటికన్నా బాగుందని అందరం అనుకున్నాం, ఆవిడకి వినపడకుండా. ఇప్పుడు టీ యంత్రం పెట్టారు. బొత్తాం నొక్కితే గోరువెచ్చటి నీళ్లు వస్తాయి. దానివల్ల ఎవరికీ మత్తు రాదు, మెలకువా రాదు.

పెద్దసారుకి పైవాళ్లు ‘ప్రకృతి మిత్ర’ ఫలకం ఇచ్చారు. మృత్యువుని ఆరుబయట ముఖాముఖి ఎదుర్కొన్న అనుభవం గురించి ఆయన ఊరూరా ఉపన్యాసాలు ఇస్తున్నారు. వచ్చే ఏడు శిబిరానికి ఇంకా పెద్ద డేరా, రెండు పొయ్యిలు మంజూరయ్యాయి. ఈసారి కుటుంబాలని కూడా తీసుకురావచ్చట.

మా ఆవిడకి ఆ సంగతి చెప్పాను. ఆవిడ అన్నం కలుపుతూ ఆగింది.

“ఆదివారం వదినని మళ్లీ భోజనానికి పిలుద్దామనుకుంటున్నానండీ.”

“కొన్నాళ్లు ఆగు. నివేదిక ఇంకా పైకి వెళ్లలేదు.”

“ఆ నివేదిక మీద మీ సంతకం ఉందా?”

“అందరిదీ ఉంది.”

“నేను అందరి సంగతీ అడగలేదు,” అని, కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లి తింది.

ఆవిడకి కార్యాలయాల పద్ధతి తెలియదు. నివేదిక చివరి పేజీలో, పైన రాసినదంతా యథార్థమని శిబిరానికి వెళ్లిన పందొమ్మిది మందిమీ సంతకాలు చేశాం. తిలాపాపం తలా పిడికెడు అని పెద్దలు ఊరికే అనలేదు, పిడికెడు ఎవరికైనా తేలికే. ఒక్కరు కూడా చదవడానికి ఆగలేదు. ముందువాడు చేశాడు కదా అని వెనకవాడు చేశాడు. నాది ఎనిమిదోది, చాలా పొందికగా ఉంటుంది. సంతకాల కోసం గీతలు గీసినవాడు మాత్రం పేజీ నిండుగా కనబడాలని ఇరవై ఒకటి గీశాడు. ఇంకా రెండు ఖాళీగా ఉన్నాయి. కాగితం నా బల్ల మీదే ఉంది, కలం మూత తీసే ఉంది. ఇంతసేపూ తల ఊపుతూ, మధ్యమధ్య నవ్వుకుంటూ వింటూనే ఉన్నారు గానీ, ఒక్కసారైనా మీరు అడ్డు చెప్పలేదు. రండి, తొమ్మిదో వాడెవరో పెట్టినట్టే, చదవకుండా ఇక్కడ ఒక సంతకం పెట్టి వెళ్లండి.